త్రిశంకుడి కొక్కెం

కారును ఆకాశంలో ఓ కొక్కేనికి తగిలించామనుకుని షాకబ్జర్లను ఆడిస్తే కుదుపులు తెలియవని 1974లో ఇంజినీరు కార్నాప్ బృందం లెక్కలు కట్టి చెప్పింది. దాని పేరే స్కైహుక్. మనుషుల్ని ఆకాశంలో వేలాడదీసిన చరిత్ర మనకు విశ్వామిత్రుడి నాటినుంచీ ఉంది. అందుకే ఆ విద్యకు విరుగుడు కూడా మన వీధిలోనే పుట్టింది: స్పీడ్ బ్రేకర్.

రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పే స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటితే చక్రం దానిమీద అర సెకను పైచిలుకు ఉంటుంది. ఎక్కి దిగడం అర ఊపు అనుకుంటే, సెకనుకు సుమారు ఒక ఊపు. కారు బాడీ ఊగేదీ ఇంచుమించు అంతే. మెర్సిడెస్ 1999లో తెచ్చిన, ఆయిల్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ సిలిండర్లు సెకనుకు 5 ఊపుల దాకా అణిచేస్తాయి. ఇలాంటి దిబ్బ వాటికి ఒక లెక్కా?

మన కాలనీ మేస్త్రీ ఇది గ్రహించాడు. స్లాబుకు పోయగా మిగిలిన కాంక్రీటును అడుగు వెడల్పు గట్టుగా పోశాడు. అదే వేగంతో దాన్ని దాటడానికి 0.044 సెకను, అంటే సెకనుకు 11 ఊపులు. చక్రం తనంతట తాను గెంతేది 10కీ 15కీ మధ్య! సిలిండర్‌లోకి ఆయిల్ చేరేలోపే దెబ్బ నడుములోకి చేరుతుంది. తాపీతో ఇంత ట్యూనింగ్ చేసిన మనిషికి డాక్టరేటు ఇవ్వకపోవడం మన విశ్వవిద్యాలయాల చిన్నచూపే.

2013లో మెర్సిడెస్ అద్దం వెనక రెండు కళ్ల కెమెరా పెట్టి, 15 మీటర్ల ముందున్న ఎగుడుదిగుళ్లను చదివించింది. అరవైలో వెళ్తుంటే అది 0.9 సెకను ముందు హెచ్చరిక. మున్సిపాలిటీ ఒక్క పైసా ఖర్చు లేకుండా జవాబిచ్చింది: గుంతలో వాననీళ్లు ఉంచేసింది. పైకి కనిపించేది చదునైన నీళ్లే, లోతు కెమెరాకేం తెలుస్తుంది?

కారును గాలి తిత్తుల మీద నిలిపే ఎయిర్ సస్పెన్షన్ మీద ఇంత మేధస్సు వృథా. దాని రబ్బరు తిత్తి మడతల్లో దుమ్ము చేరి, పగుళ్లిచ్చి, రాత్రి నిక్కి నిలబడ్డ కారు తెల్లారేసరికి ఒక మూల చతికిలపడుతుంది. కారిపోయే గాలిని నింపీ నింపీ కంప్రెసర్ కాలిపోతుంది. ఓనరు కంప్రెసర్ మార్పిస్తాడు, తిత్తి మాత్రం పాతదే. కొత్త కంప్రెసరూ అదే దారి పడుతుంది. ముందే మడతల మీద సబ్బునీళ్లు చల్లి ఉంటే బుడగలే చోటు చూపించేవి. కానీ లక్షల కారుకు సబ్బునీళ్లంటే పరువు తక్కువ.

ఈలోగా పాలబ్బాయి రెండు క్యాన్లతో వచ్చి, ఫుట్‌రెస్టుల మీద లేచి, మోకాళ్లు కాస్త వంచి, గట్టు పక్కన వాననీటికి వదిలిన జానెడు సందులోంచి వెళ్లిపోతాడు.