ఓడినా మన జట్టే

2025 నవంబర్ 18 రాత్రి ఢాకా నేషనల్ స్టేడియంలో చివరి విజిల్ మోగగానే గ్యాలరీలు ఊగిపోయాయి. ఊగిపోవా మరి! భారత్‌ను ఫుట్‌బాల్‌లో ఓడించడం బంగ్లాదేశ్‌కు 2003 తర్వాత ఇదే మొదటిసారి. 11వ నిమిషంలో షేక్ మోర్సలిన్ కొట్టిన ఒకే ఒక్క గోల్‌ను వాళ్లు ఆఖరి దాకా కాపాడుకున్నారు. మొదటి సగంలో మన ఫార్వర్డ్ ఛాంగ్తే కొట్టిన బంతి గోల్‌లోకి పోతుంటే బంగ్లాదేశ్ ఆటగాడు హమ్జా చౌధురి తల అడ్డుపెట్టి బయటికి పంపాడు. స్కోరు సమం అయిందనుకుని మనం లేచి నిలబడ్డాం, మళ్లీ కూర్చున్నాం. రెండు జట్లూ అప్పటికే 2027 ఆసియా కప్ రేసులోంచి తప్పుకున్నాయి. పాయింట్ల లెక్కలో ఆ మ్యాచ్‌తో పోయేదీ లేదు, వచ్చేదీ లేదు. అయినా ఆ ఓటమి గుచ్చుకున్నంతగా ఈ మధ్య మరే ఓటమీ గుచ్చుకోలేదు.

ఆ రాత్రి ఫోన్ తెరిచిన ప్రతివాడికీ ఒకటే మాట ఎదురైంది: బంగ్లాదేశ్ చేతిలో కూడానా? కొందరు ఆటగాళ్లను పేరుపేరునా తిట్టారు. వీళ్ల ఒంటి మీద దేశం పేరు ఎందుకన్నారు కొందరు. క్రికెటర్ల సంపాదనతో పోల్చి ఎగతాళి చేసినవాళ్లు ఉన్నారు. ఆట సంగతి వదిలేసి బంగ్లాదేశ్ ప్రజల మీద విషం కక్కినవాళ్లూ ఉన్నారు. వీటన్నిటి మధ్య, నిజంగా గుండె బరువెక్కి, ఏం రాయాలో తెలియక ఫోన్ పక్కన పెట్టేసి పడుకున్న అభిమానులు వేలమంది ఉంటారు. ఈ నాలుగు మాటలు మొదట వాళ్ల కోసమే.

అభిమానికి కోపం రావడం తప్పు కాదు. ఏమీ ఆశించనివాడికి కోపం రాదు. ఈ ఆసియా కప్ క్వాలిఫయింగ్ గ్రూపులో ఆ ఏడాది మార్చి నుంచి నవంబర్ దాకా ఐదు మ్యాచ్‌లు ఆడాం, ఒక్కటీ గెలవలేదు. షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్‌తో గోల్ లేని డ్రా. హాంకాంగ్‌లో ఆట ముగిసే వేళ పెనాల్టీ ఇచ్చి ఓటమి. సింగపూర్‌తో అక్కడ డ్రా, ఇక్కడ గోవాలోని మడ్‌గావ్‌లో ముందు మనమే గోల్ కొట్టి 1-2తో ఓటమి. చివరికి ఢాకా. ఫిఫా ర్యాంకు 142కు జారింది. ఇంత చూశాక కూడా పర్లేదులే అని తలూపడం భక్తి అనిపించుకోదు. జట్టు ఆట బాగోలేదని చెప్పడం దేశాన్ని తక్కువ చేయడం అని ఎవరైనా అంటే, ఆ మాటను మేము ఒప్పుకోం. ఇంట్లో పిల్లవాడు పరీక్ష తప్పితే తల్లి కోప్పడుతుంది. పక్కింటివాళ్లు కోప్పడరు.

కానీ ఆ తల్లి, కోప్పడిన చేత్తోనే అన్నం పెడుతుంది. మన కోపంలో లోపించింది అదే.

2018 జూన్‌లో ముంబయిలో ఇంటర్‌కాంటినెంటల్ కప్ జరిగింది. చైనీస్ తైపీ (తైవాన్ జట్టు)పై భారత్ 5-0తో గెలిచింది, కెప్టెన్ సునీల్ ఛెత్రి హ్యాట్రిక్ కొట్టాడు. చూసింది రెండున్నర వేల మంది. మర్నాడు ఛెత్రి ఒక వీడియోలో చేతులు జోడించినంత పనిచేశాడు. తిట్టండి, విమర్శించండి, కానీ మైదానానికి వచ్చి మమ్మల్ని చూసి ఆ పని చేయండి అన్నది అతని విన్నపం. తర్వాతి మ్యాచ్‌కు టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. దేశం తరఫున అప్పటికి వంద మ్యాచ్‌ల దగ్గరికి వచ్చిన ఆటగాడు, గెలిచిన మర్నాడు, మమ్మల్ని తిట్టడానికైనా రండి అని అడుక్కోవాల్సి వచ్చిన దేశం మనది. ఓడినప్పుడు మాత్రం నూట నలభై కోట్ల మందిమీ గుర్తుకొస్తాం.

దీనికి ఎదురుగా మరో దృశ్యం ఉంది. 2024 జనవరిలో ఖతర్‌లో ఆసియా కప్. ఆస్ట్రేలియాతో 0-2, ఉజ్బెకిస్థాన్‌తో 0-3, సిరియాతో 0-1. ఒక్క గోల్ కూడా కొట్టకుండా మన జట్టు తిరిగొచ్చింది. అయినా స్టేడియాలు నీలంగానే కనిపించాయి. అక్కడ పొట్టకూటి కోసం వెళ్లిన భారతీయులు, వాళ్లలో మలయాళీలే ఎక్కువ, షిఫ్టు దిగి వచ్చి కూర్చున్నారు. రెండు మ్యాచ్‌లు ఓడిన జట్టు కోసం మూడో మ్యాచ్‌కు ఇంకా ఎక్కువమంది వచ్చారు, నలభై వేలు దాటారు. నిజామాబాద్, కరీంనగర్ పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారి కుటుంబాలకు చెప్పక్కర్లేదు, షిఫ్టు తర్వాత దొరికే కాస్త తీరిక అక్కడ ఎంత విలువైందో. ఆ తీరిక తెచ్చి ఓడిపోయే జట్టుకు ఇచ్చారు వాళ్లు. దేశభక్తి ఎలా ఉంటుందని మమ్మల్ని ఎవరైనా అడిగితే మేము చూపించేది ఆ గ్యాలరీనే.

అదే ఏడాది జూన్ 11న అదే ఖతర్‌లో అభిమానుల కడుపు మండింది, మండటానికి కారణమూ ఉంది. ప్రపంచకప్ క్వాలిఫయింగ్‌లో మూడో రౌండ్‌కు తొలిసారి చేరే అవకాశం. ఛాంగ్తే గోల్‌తో మనం 1-0 ముందంజ. 73వ నిమిషంలో ఖతర్ ఆటగాడి హెడర్‌ను గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ ఆపాడు, బంతి గీత దాటి బయటికి పోయింది. మనవాళ్లు ఆగిపోయారు. బయటికి పోయిన బంతిని ఖతర్ ఆటగాడు కాలితో లోపలికి లాగితే మరొకరు గోల్‌లోకి తోశారు. రిఫరీ గోల్ ఇచ్చేశాడు. తేల్చడానికి ఆ మ్యాచ్‌లో వీడియో రిఫరీ లేడు. చివరికి 1-2. ఆ రీప్లేలో గీతకూ బంతికీ మధ్య పచ్చగడ్డి స్పష్టంగా కనిపిస్తుంది. ఆ గడ్డి చూసినవాడికి ఎవరూ శాంతం బోధించలేరు. ఆ కోపం న్యాయమైంది. న్యాయం అడగడానికి ఫిర్యాదు చేసే దారి ఉంది, మన సమాఖ్య చేసింది కూడా.

కోపం ఎక్కడ ఆగాలో తెలియనప్పుడు ఏమవుతుందో ప్రపంచం చూసింది. 1994 ప్రపంచకప్‌లో కొలంబియా డిఫెండర్ ఆంద్రెస్ ఎస్కొబార్ కాలికి తగిలి బంతి సొంత గోల్‌లోకి పోయింది. జట్టు ఇంటికొచ్చింది. ఆ గోల్ పడిన పది రోజులకు కొలంబియాలోని మెడెయిన్ నగరంలో అతన్ని కాల్చి చంపారు. 27 ఏళ్లు. 2021 యూరో ఫైనల్లో ఇంగ్లండ్ తరఫున పెనాల్టీలు తప్పిన రాష్‌ఫర్డ్, సాంచో, సాకా ముగ్గురూ నల్లజాతి కుర్రాళ్లే. రాత్రికి రాత్రే వాళ్ల మీద జాతి దూషణలు కురిశాయి. మాంచెస్టర్‌లో రాష్‌ఫర్డ్ బొమ్మ ఉన్న గోడ మీద ఎవరో పిచ్చిరాతలు రాశారు. తెల్లారాక చుట్టుపక్కల జనం వచ్చి ఆ రాతల మీద కాగితాలు అంటించారు. చిన్నపిల్లలు రాసిన చీటీలు, కాగితపు గుండెలు, జెండాలు. సాయంత్రానికి తిట్టు కనపడలేదు. రాసినవాడూ తన దేశం కోసమే బాధపడ్డాననుకుని ఉంటాడు. మేము మాత్రం చీటీలు అంటించిన పిల్లలతోనే ఉంటాం.

మన దగ్గర పరిస్థితి అంత దూరం పోలేదు. కానీ ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చిన ఆటగాళ్లు ఓడిన ప్రతిసారీ వాళ్ల ముఖాల మీద, పేర్ల మీద పడే వ్యాఖ్యలు చదివితే సిగ్గేస్తుంది. దేశానికి ఛాంగ్తే లాంటి ఆటగాణ్ని ఇచ్చింది మిజోరం. మూడు పెద్ద నగరాలు కలిసి ఇవ్వలేనంతమందిని ఆ చిన్న రాష్ట్రాలు ఇస్తున్నాయి. గెలిస్తే భారతీయుడు, ఓడితే మరెవరో అన్నట్టు మాట్లాడేవాడికి జెండా పట్టుకునే హక్కు ఎక్కడిది?

ఇక ప్రతి ఓటమి తర్వాత వినపడే ప్రశ్న: నూట నలభై కోట్ల జనంలో పదకొండు మంది దొరకరా? మన జట్టు ఢాకాలో ఓడిన అదే నవంబర్ 18న, భూమికి అటువైపు కింగ్‌స్టన్‌లో జమైకాతో డ్రా చేసుకుని క్యురసావ్ అనే చిన్న ద్వీపం 2026 ప్రపంచకప్‌కు అర్హత సాధించింది. అక్కడి జనాభా లక్షన్నర, దాదాపు మన శ్రీకాకుళం పట్టణమంత. ప్రపంచకప్ చరిత్రలో ఇంత చిన్న దేశం ఎప్పుడూ లేదు. ఆ జట్టులో దాదాపు అందరూ నెదర్లాండ్స్‌లో పుట్టి, అక్కడి అకాడమీల్లో చిన్నప్పటి నుంచి ఆట నేర్చినవాళ్లు. జనాభా లెక్కలు గోల్ కొట్టవు. ఆరేళ్ల వయసులో బంతి, ఎనిమిదేళ్లకు కోచ్, పన్నెండేళ్లకు వారం వారం మ్యాచ్ దొరికిన పిల్లలు కొడతారు. మన మండల కేంద్రాల్లో ఎన్ని బడులకు గడ్డి ఉన్న మైదానం ఉందో మన పాఠకులే చెప్పగలరు.

అందుకే కోపం చేరాల్సిన తలుపు వేరే ఉంది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకూ వాణిజ్య భాగస్వామికీ మధ్య 2010లో కుదిరిన 15 ఏళ్ల ఒప్పందం 2025 డిసెంబర్ 8న ముగిసింది. అది ముగుస్తుందని పదిహేనేళ్లుగా తెలుసు. అయినా సెప్టెంబర్ వేళకు మొదలవ్వాల్సిన ఐఎస్‌ఎల్ (దేశంలోని ప్రధాన ఫుట్‌బాల్ లీగ్) సీజన్ ఆ డిసెంబర్ గడిచినా మొదలు కాలేదు. అక్టోబర్‌లో పిలిచిన టెండరుకు ఒక్క బిడ్డూ రాలేదు. కొన్ని క్లబ్బులు జీతాలు ఆపేశాయి. దేశానికి ఆడాల్సిన కుర్రాడు రేపు తనకు క్లబ్బు ఉంటుందో లేదో తెలియని టెన్షన్‌లో ఢాకా విమానం ఎక్కాడు. హైదరాబాద్ అభిమానులకు ఈ గాయం ఇంకా పచ్చిగానే ఉంది. 2021-22లో ఐఎస్‌ఎల్ కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ నాలుగేళ్లు తిరక్కుండానే పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. పసుపు జెర్సీలు కొనుక్కున్న పిల్లలు ఇప్పుడు ఎవరి కోసం అరవాలి? ఓడిన ఆటగాణ్ని తిట్టడం సులభం, అతను కనపడతాడు. టెండరు కాగితాలు తయారుచేసినవాళ్లు కనపడరు.

మన హైదరాబాద్‌కు ఓటమి కొత్త కాదు, దాన్నుంచి లేవడమూ కొత్త కాదు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో చాలామంది బూట్లు లేకుండానే ఆడిన మన జట్టును యుగోస్లావియా 10-1తో చిత్తు చేసింది. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్, హైదరాబాద్ వాడు, అంతకుముందు బడిపంతులు. ఆ తర్వాత బూట్లు తప్పనిసరయ్యాయి, ఆట తీరు మారింది. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో అదే రహీమ్ జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీస్ చేరి నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడాం. ఇప్పటి ఫోన్లు అప్పుడుంటే ఆ రాత్రే రహీమ్‌ను ఇంటికి పంపమనేవాళ్లు. ఫైనల్లో మళ్లీ అదే కొరియా ఎదురైంది. తలకు కుట్లు పడ్డ జర్నైల్ సింగ్‌ను డిఫెన్స్ నుంచి తీసి ముందు వరుసలో ఆడించాడు రహీమ్. పీకే బెనర్జీ ఒకటి, తలకు కట్టుతోనే ఆడిన జర్నైల్ ఒకటి కొట్టారు. 2-1, స్వర్ణం. అప్పటికే క్యాన్సర్ ముదిరిన రహీమ్ తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న కన్నుమూశాడు.

ఆ ఫైనల్ గురించి అప్పటి ఆటగాళ్లు చెప్పుకునే ముచ్చట ఒకటుంది. ఇజ్రాయెల్, తైవాన్‌లను క్రీడలకు రానివ్వని వివాదంలో భారత ప్రతినిధి మాటల వల్ల జకార్తా జనం మన మీద రగిలిపోతున్నారు. స్టేడియమంతా వెక్కిరింతలే. మన కోసం చప్పట్లు కొట్టింది ఒక చిన్న గుంపు, పాకిస్థాన్ హాకీ జట్టు. హాకీ ఫైనల్లో మనల్ని ఓడించినవాళ్లే వాళ్లు. వాళ్ల దేశభక్తి ఆ చప్పట్లతో ఇసుమంతైనా తగ్గిందా? ఢాకా గ్యాలరీని చూసి పళ్లు కొరికినవాళ్లు ఈ ముచ్చట ఒకసారి తలుచుకోవాలి. అప్పటికి ఇంగ్లండ్ క్లబ్బు లీసెస్టర్ సిటీకి ఆడుతున్న హమ్జా ఇంగ్లండ్‌లోనే పుట్టి, కుటుంబం ఊరి పిలుపు మీద బంగ్లాదేశ్ జెర్సీ తొడుక్కున్నాడు. ఆ కుర్రాడి వల్ల అక్కడ టికెట్ల కోసం జనం ఎగబడుతున్నారు. మనకూ అలాంటి రోజు రావాలని కోరుకుందాం, వాళ్లకు వచ్చిందని ఏడవడం ఎందుకు?

2025 డిసెంబర్ 13న మెస్సీ వచ్చినప్పుడు ఉప్పల్ స్టేడియం చుట్టూ ఎటు చూసినా పదో నంబరు చొక్కాలే. తండ్రుల భుజాల మీద పిల్లలు. మెస్సీని ప్రేమించడం గొప్ప సంగతి, ఆట మీద ప్రేమకు పాస్‌పోర్టు అక్కర్లేదు. అదే నగరంలో, 2024 సెప్టెంబర్‌లో గచ్చిబౌలిలో మన జట్టు సిరియాతో 0-3తో ఓడింది. ఆ భుజాల మీది పిల్లల్లో ఎందరికి ఆ మ్యాచ్ జరిగిందని తెలుసు? వాళ్లకు తెలిసేలా చేయాల్సిన బాధ్యత మాదీ. క్రీడా పేజీలో ఆ మ్యాచ్‌లకు మేమిచ్చిన చోటు చాలదని ఒప్పుకుంటున్నాం.

2025 జూలై 5న థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో భారత మహిళల జట్టు ఆతిథ్య జట్టును 2-1తో ఓడించి, క్వాలిఫయర్స్ ఆడి ఆసియా కప్‌కు అర్హత సాధించడం ఇదే తొలిసారి అనిపించుకుంది. నిజామాబాద్ జిల్లా కిసాన్‌నగర్ తండా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య ఆ జట్టు సభ్యురాలు. 2026 మార్చిలో ఆస్ట్రేలియాలో అసలు టోర్నీ. గ్రూపులో జపాన్ ఉంది, వియత్నాం ఉంది, చైనీస్ తైపీ ఉంది. గెలుపోటముల సంగతి అటుంచండి. తొలి మ్యాచ్ మార్చి 4న పెర్త్‌లో, వియత్నాంతో.