‘పంపు దించేద్దాం’ గారికి ఒక పాత లారీ ఓనరు లేఖ

మహారాజశ్రీ ‘పంపు దించేద్దాం’ గారికి,

ఇబ్రహీంపట్నం నుంచి పది టైర్ల పాత లారీ ఓనరు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, కుశలం మీ ఒక్కరికే ఉంది కాబట్టి ఆ మాట వదిలేస్తున్నాను.

లారీ ఏ జబ్బుతో ఆటోనగర్‌లో అడుగుపెట్టినా, ఇంజన్‌కి డీజిల్ కొట్టే పంపుని విప్పి దించాలనే మేస్త్రీల మాటగా ముందు ఎదురొచ్చేది మీరే. బండి లాగట్లేదంటే మీరు, నల్ల పొగ కక్కుతోందంటే మీరు, మైలేజీ నాలుగు నుంచి మూడుకు పడిందంటే మీరు. రేపు వైపర్ తిరగట్లేదని తీసుకెళ్లినా "ఎందుకైనా మంచిది, పంపు ఒకసారి దించేద్దాం" అనే మేస్త్రి దొరుకుతాడని నా నమ్మకం.

మీ దర్శనం జరిగే తీరు కూడా చూడముచ్చటగా ఉంటుంది. ఇంజన్ కవరు ఇంకా లేవదు. మేస్త్రి చేతిలో టీ గ్లాసు ఉంటుంది. "ఏదీ, ఒకసారి రేస్ చెయ్యి" అంటాడు. డ్రైవరు న్యూట్రల్‌లో ఉన్న బండిని ఒక్క తొక్కు తొక్కుతాడు, సైలెన్సర్‌లోంచి నల్లగా ఒక ముద్ద పైకి లేస్తుంది, మేస్త్రి తల పంకిస్తాడు. తీర్పు వచ్చేసింది. న్యూట్రల్‌లో అలా తొక్కితే, ఇంజన్‌లోకి గాలి ఊదే టర్బో అందుకునేలోపు ఏ పాత టర్బో ఇంజనైనా కాస్త నల్ల పొగ వదులుతుంది, జబ్బు తెలియాలంటే లోడుతో ఎత్తు ఎక్కించి ఏ గేరులో ఎక్కడ నీరసిస్తుందో పక్కన కూర్చుని చూడాలి అని ఎవరైనా అన్నారనుకోండి, వాళ్లకి లారీల గురించి ఏమీ తెలియదని మీరు తేల్చేస్తారు.

మీరు ఎవరి పేరు చెప్పుకుని బతుకుతున్నారో ఆ పంపు వంశం మాత్రం గొప్పది, కాదనను. జర్మనీలో బాష్ వాళ్లు డీజిల్ పంపుల్ని పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టింది 1927లో. మన దేశంలో ఆ పంపులు చేసే మైకో కంపెనీ 1951లో వచ్చింది. 2008లో కంపెనీ పేరు బాష్‌గా మారినా పాత మేస్త్రీల నోట అది ఇప్పటికీ మైకో పంపే. ఆరు సిలిండర్లకి డీజిల్ నెట్టే ఆరు ఎలిమెంట్లు, లోపల మైక్రాన్లలో లెక్కపెట్టే సందు, తడి ఆరకుండా ఇంజన్ ఆయిల్. శుభ్రమైన డీజిల్ అందిస్తే ఏళ్ల తరబడి కిక్కురుమనకుండా పనిచేస్తుంది. ఇంత నమ్మకస్తుడిని అనుమానితుల వరుసలో చిట్టచివర నిలబెట్టాలి. మీరు తెచ్చి ముందు నిలబెట్టారు. ఎందుకో నాకు తెలుసులెండి. పంపు దించితే దించినందుకు కూలీ, పంపుని పరీక్షించే బెంచి ఎక్కించినందుకు చార్జీ, ఎలిమెంట్లు, డెలివరీ వాల్వులు, ఓరింగులు, మళ్లీ బిగించి టైమింగ్ కట్టినందుకు ఇంకో కూలీ. ఎయిర్ క్లీనర్ మూత తీసి చూస్తే ఎవరికైనా మిగిలేదేముంది, చేతులకి బూడిద తప్ప!

ఆ బూడిద సంగతే మీతో కాస్త వివరంగా మాట్లాడాలి. లీటరు డీజిల్ దాదాపు 830 గ్రాములు తూగుతుంది. అది పూర్తిగా కాలాలంటే దాని బరువుకి పద్నాలుగున్నర రెట్లు గాలి కావాలి, అంటే 12 కిలోలు. 12 కిలోల గాలి అంటే సుమారు 10 వేల లీటర్లు. ఎండాకాలం కాలనీలకి వచ్చే పెద్ద నీళ్ల ట్యాంకరు ఉంటుంది చూడండి, అంత గాలి, ఒక్క లీటరు డీజిల్‌కి. అదీ కనీసం. పొగ రాకుండా కాలాలంటే డీజిల్ ఇంజన్ ఇంకా ఎక్కువే పీల్చుకోవాలి. ఈ గాలంతా దూరేది ఒకే ఒక కాగితపు ఫిల్టరులోంచి. ఇక మా లారీ రోజూ మోసేది థర్మల్ స్టేషన్‌లో బొగ్గు కాలాక చెరువులో నింపే బూడిద.

మా బండి ఫిల్టరు డబ్బా మూత తీసినప్పుడు లోపల మడతలు కనిపించలేదు. సందులన్నీ పూడిపోయి చుట్టూ బూడిద రంగు గోడ ఒకటి ఉంది. గోటితో గీస్తే పొర ఊడింది, దాని కింద మరో పొర. ఫిల్టరు పూడిపోతే ఎర్రగా చూపించే చిన్న ఇండికేటర్ ఒకటి ఫిల్టరు తర్వాత గొట్టం మీద ఉంటుంది. మా దాంట్లో అది ఎప్పుడో ఊడిపోతే ఆ చిల్లులో ఎవరో గుడ్డముక్క కుక్కి పైన ఇన్సులేషన్ టేపు చుట్టారు. గుడ్డ వదులైతే ఆ చిల్లులోంచి దుమ్ము ఫిల్టరుతో పనిలేకుండా నేరుగా టర్బోలోకి వెళ్లిపోతుంది. మీరు ఇదే ఇంజన్‌కి ఇవతలి పక్క నిలబడి పంపు నట్లు విప్పిస్తున్నారు. అవతలి పక్కకి వచ్చి ఆ టేపు మీద ఒక్క చూపు వేస్తే మీ పరువు పోతుందా?

"ఫిల్టరు శుభ్రం చేశాంగా" అంటారు. చేశారు, చూశాను. ముందు టైరుకేసి నాలుగు బాదుళ్లు. తర్వాత పంక్చర్ షాపు గాలి. టైరులో 100 పౌండ్లు ఎక్కించే గాలిని కాగితం మీదకి వదిలితే అది చిరక్క ఏం చేస్తుంది? ఫిల్టరుకి 30 పౌండ్ల దగ్గర ఆగాలి, అదీ లోపల్నుంచి బయటికి కొట్టాలి. కొట్టాక లోపల ఒక బల్బు పెట్టి చీకట్లో చూస్తే చిల్లులుంటే చుక్కలు చుక్కలుగా వెలుగు కనిపిస్తుంది. చిల్లు పడిన ఫిల్టరు పూడిపోయిన ఫిల్టరు కంటే ప్రమాదం. థర్మల్ బూడిదలో ఎక్కువ భాగం సిలికా, అల్యూమినా. అది టర్బో రెక్కల అంచుల్ని కొరికి, లైనర్లని గీరి, రింగుల్ని అరగదీస్తుంది. అప్పుడు మీ అన్నగారు, అదే, ఇంజన్ మొత్తం విప్పించే ‘బోరు చేయించాల్సిందే’ గారు వస్తారు. ఆయిల్ మూత తీసి "చూడండి ఎంత బ్యాక్ కంప్రెషన్ కొడుతోందో" అంటారు. ఈసారి ఆయన చెప్పింది నిజమే అవుతుంది. కొత్త ఫిల్టరు కొనకుండా మిగుల్చుకున్న డబ్బుకి ఎన్నో రెట్లు ఆయనకి సమర్పించుకోవాలి.

మళ్లీ మీ దగ్గరికే వస్తాను. పంపు బెంచి మీదకి వెళ్తుంది. అక్కడ కంపెనీ వేసిన సీలు తెంపి స్క్రూ తిప్పుతారు. "డీజిల్ పెంచాం సార్, ఇక చూస్కోండి" అంటారు. చూసుకున్నాం. డ్రైవరు మొదటి రోజు ఆనందంగా ఫోన్ చేసి "ఓనర్ గారూ, పికప్ అదిరింది" అన్నాడు. వెనక వచ్చే బైకు వాళ్లు ముక్కు మూసుకున్నారు. గాలి లేక కాలడం మానేసిన ఇంజన్‌కి ఇంకాస్త డీజిల్ పోస్తే కొంచెం ఊపు వస్తుంది, మిగతాదంతా మసి. సైలెన్సర్ వేడెక్కుతుంది, పిస్టన్ తల మాడుతుంది, మసి ఆయిల్‌లో కలిసి ఆయిల్ తారవుతుంది. పైగా మైలేజీ. నెలకి 6 వేల కిలోమీటర్లు తిరిగే లారీ లీటరుకి నాలుగిస్తే 1,500 లీటర్లు తాగుతుంది, మూడిస్తే 2 వేలు. తేడా 500 లీటర్లు. లీటరు వందకి దగ్గరగా ఉన్న రోజుల్లో నెలకి దాదాపు 50 వేల రూపాయలు గాల్లో కలుస్తుంటే, నల్లగా, అందరికీ కనిపించేలా కలుస్తుంటే, మా ఫైనాన్స్ వాడు మాత్రం కిస్తీలో పైసా తగ్గించడు.

ఇంతకీ ఇంకో బండి కథ వినండి, ఇది మా బావమరిదిది. పొగ లేదు, శబ్దం బాగుంది, కానీ ఫ్లైఓవర్ ఎక్కాలంటే సెకండ్ గేరు. మీరు షరా మామూలుగా దిగిపోయారు, పంపు విప్పేదాకా వచ్చారు. అప్పుడే ఒక ముసలి మేస్త్రి, పేరు చెప్పడం ఆయనకి ఇష్టం ఉండదు, క్లీనర్ని పైకెక్కించి "పెడల్ పూర్తిగా తొక్కి పట్టుకో రా" అని తను కిందకి వంగి పంపు లివర్ చూశాడు. లివర్ చివరి బోల్టుని తాకాలి. తాకట్లేదు, బొటనవేలు దూరేంత సందు మిగిలింది. పైన చూస్తే పెడల్ కింద డ్రైవరు కాళ్లకి వేడి తగలకుండా మడతపెట్టి వేసుకున్న గోనె పట్టా. పట్టా తీసేశారు, లింకు రాడ్డు రెండు చుట్లు బిగించారు, అయిపోయింది. బిల్లు లేదు, టీలు మా బావమరిది తాగించాడు. మీరు ఆ పూట ఎక్కడికెళ్లారో తెలియలేదు.

పొగ ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్న అడిగితే సగం దారి తేలిపోతుందండీ. నల్ల పొగతో బలం తగ్గితే గాలి వైపు చూడాలి: ఫిల్టరు, టర్బో నుంచి వచ్చే హోస్ పైపులు, వాటి క్లిప్పులు, సగం మూసుకుని ఇరుక్కుపోయిన ఎగ్జాస్ట్ బ్రేకు. హోస్ ఎక్కడ చీలిందో అక్కడ నూనె తడి, దాని మీద దుమ్ము అంటుకుని ఉంటుంది, కళ్లుంటే చాలు. పొగ లేకుండా బలం తగ్గితే డీజిల్ అందట్లేదని అర్థం, కానీ అందకపోవడానికి పంపే కారణం కానక్కర్లేదు. డీజిల్ ఫిల్టర్లు ఉన్నాయి, ఫీడ్ పంపు జాలీ ఉంది. ట్యాంకు మూత చిల్లు బురదతో మూసుకుపోయినా బండి కొంతదూరం వెళ్లి నీరసిస్తుంది, మూత తిప్పగానే సుయ్‌మని గాలి లోపలికి పోయి మళ్లీ ప్రాణం లేస్తుంది. ఇన్‌లెట్ నుంచి పంపు నెత్తి మీదకి వెళ్లే సన్నటి గాలి పైపు ఉన్న బండ్లలో అది చీలితే, టర్బో ఎంత ఊదినా ఆ కబురు పంపుకి అందదు. పాపం అది ఖాళీ బండికి పోసినట్టే పోస్తూ ఉంటుంది. తెల్ల పొగ, మిస్సింగ్ ఉంటే సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిల్స్ చూడాలి. స్లోలో ఒక్కో నాజిల్ పైపు యూనియన్ నట్టు లూజు చేస్తూ వెళ్తే, ఏది వదిలినప్పుడు ఇంజన్ శబ్దం మారదో ఆ సిలిండరే పనిదొంగ. ఇదంతా మీకు తెలియదని కాదు. ఈ ప్రశ్నలు ఎవరూ అడక్కుండానే మీకు కాలు పెట్టడానికి చోటు దొరుకుతోంది, అంతే.

ఇంజన్ బాగానే లాగుతోంది, మైలేజీ మాత్రం లేదు అంటే ఆ కేసు అసలు మీ స్టేషన్ పరిధిలోకే రాదు. లోడు దించి వచ్చాక ఒక్కో చక్రం హబ్బు దగ్గర చెయ్యి పెట్టి చూడాలి, ఒకటి మాత్రం చెయ్యి తగలనివ్వనంత కాలుతోందంటే బ్రేకు పట్టేసింది. వెనక జంట టైర్లలో లోపలిది దిగిపోయినా బయటికి కనిపించదు. ఇవీ కాదంటే, ఇక రాత్రిపూట దాబా వెనక ట్యాంకు దగ్గర కనిపించే క్యాన్ల గురించి ఆలోచించాలి. ఆ మాట డ్రైవర్ని అడిగితే గొడవ, అడక్కపోతే నష్టం. అందుకే అందరం కలిసి అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు పంపు మీద పడతాం. మీరు అంత పాపులర్ అవడంలో మా ఓనర్ల చలవ కూడా ఉంది లెండి. స్పీడోమీటర్ కేబులు తెగి ఏడాదైనా వేయించకుండా, ట్యాంకు ఫుల్ చేసి మళ్లీ ఫుల్ చేసేదాకా ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో రాసుకోకుండా "మైలేజీ మూడేనండీ" అని కచ్చితంగా చెప్పేవాళ్లు మాలో చాలామంది ఉన్నారు.

అన్నట్టు మా బండికి పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది. ఈ తరం పాత డీజిల్ బండ్లకి పొగ నలుపు, దాన్ని కొలిచే లెక్కలో, 65 హార్ట్రిడ్జ్ యూనిట్లు దాటకూడదట. మా కాగితంలో చక్కగా లోపలే ఉంది. సైలెన్సర్‌లో ప్రోబ్ పెట్టినట్టు మాత్రం మా డ్రైవరుకి గుర్తులేదు.

మీ మీద నాకు పగ లేదు. నీళ్లు కలిసిన డీజిల్ కొట్టించుకున్న పంపు నిజంగానే పాడవుతుంది. రోడ్డు పక్క చవగ్గా పోసే ‘బయో డీజిల్’ తాగిన పంపు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎలిమెంట్లు అరిగితే వేడెక్కిన ఇంజన్ స్టార్ట్ అవడానికి మొరాయిస్తుంది, టైమింగ్ జారితే బలమూ మైలేజీ రెండూ పోతాయి. అలాంటప్పుడు మీరు రావాలి, మేమే వచ్చి పిలుస్తాం. ఈలోపు ఎయిర్ క్లీనర్, పైపులు, డీజిల్ ఫిల్టర్లు, పెడల్, బ్రేకులు అయ్యేదాకా షెడ్డు బయట బల్ల మీద కూర్చోండి. వచ్చాక కూడా ఒక్క షరతు. పంపు బెంచి ఎక్కగానే, స్క్రూ ముట్టుకోకముందే, ఆరు లైన్లలో ఒక్కోదాంట్లో ఎంత డీజిల్ పడుతోందో కాగితం మీద రాయించండి. సెట్టింగ్ చేశాక మళ్లీ రాయించండి. రెండు కాగితాలూ, తీసేసిన పాత ఎలిమెంట్లూ నా చేతికొస్తేనే బిల్లు కడతాను.

ఇట్లు,
బూడిద లారీ ఓనరు,
ఇబ్రహీంపట్నం.

తా.క.: ఇంజన్ అరుస్తోంది, బండి కదలట్లేదు అన్న కేసులో కూడా మీ పేరు వినిపించింది. అది క్లచ్ ప్లేటు.