బతుకమ్మ చీరల ఆర్డరు శివరాత్రికే ఇవ్వాలి

డాలస్‌లోనైనా మెల్‌బోర్న్‌లోనైనా బతుకమ్మ ఆట మొదలయ్యేసరికి తెలుగు సంఘం ఆడపడుచులు చాలామంది ఒకే రంగు చీరల్లో కనిపిస్తారు. ఫోటో నిండుగా వస్తుంది. ఆ చీర రెండోసారి కట్టేవాళ్లు మాత్రం తక్కువ. ఆర్డరు ఆగస్టులో వెళ్తుంది. నెల రోజుల్లో వంద చీరలు చేతికి రావాలంటే మరమగ్గం మీద నేసిన పాలిస్టరే దిక్కు. అది పెట్రోలియం నుంచి పుట్టిన దారం. ఉతికిన ప్రతిసారీ కంటికి కనిపించని ప్లాస్టిక్ పోగులను నీళ్లలో వదులుతుంది. జరీ కూడా చాలావరకు ప్లాస్టిక్ పొరే. పాత బట్టల పెట్టెలో వేసినా ఆ కలగలుపును విడదీసి మళ్లీ దారం తీయడం ఎవరికీ గిట్టుబాటు కాదు.

ఇందుకు సిరిసిల్ల మరమగ్గాల కార్మికుణ్ని తప్పుపట్టడం అన్యాయం. ఏ దారం నేయాలో అతను ఎంచుకోడు, మగ్గాలు నడిపించే ఆసామికి వచ్చిన ఆర్డరే నేస్తాడు. తప్పంతా మనం ఆర్డరిచ్చే తేదీలో ఉంది.

లెక్క చూడండి. చేమగ్గం మీద సాదా నూలు చీరకు రోజున్నర నుంచి రెండు రోజులు పడుతుంది. నెలకు మగ్గానికి పన్నెండో పదమూడో. వంద చీరలంటే నాలుగు మగ్గాలకు రెండు నెలల పని. అంతకుముందు నూలు కొనడం, అద్దకం, పడుగు (మగ్గం మీది నిలువు దారాలు) పోయడం, దానికి గంజి పెట్టడం కలిపి మూడు నాలుగు వారాలు. వానలు పడితే ఈ లెక్క చెడుతుంది. నేలలో గుంట తీసి బిగించిన మగ్గంలోకి చెమ్మ ఎక్కుతుంది, గంజి పెట్టిన పడుగు ఆరదు, పోగులు ఒకదానికొకటి అంటుకుని తెగుతాయి. ఫిబ్రవరిలో ఆర్డరు, సగం సొమ్ము అడ్వాన్సు ఇస్తేనే జూన్‌లోపు చీరలు మడతకు వస్తాయి. బిల్లులో చీరకు ఇచ్చే నేత కూలి విడిగా రాయించుకోవాలి. ధర తగ్గించమని బేరమాడితే మొదట కోత పడేది దానిమీదే.

అసలు హాని ఎక్కువ జరిగేది అద్దకంలో. వంద చీరలకు సుమారు యాభై కిలోల నూలు. చేతి అద్దకంలో కిలోకు ఇరవై లీటర్ల చొప్పున వెయ్యి లీటర్ల రంగునీళ్లు కావాలి. నూలుకు రసాయనికంగా అతుక్కునే రియాక్టివ్ రంగుల్లో ముదురు ఛాయకు లీటరుకు యాభై గ్రాములకు తక్కువ కాకుండా ఉప్పు పడుతుంది. అంటే కిలో నూలుకు కిలో ఉప్పు! రంగులో ఐదో వంతు నుంచి మూడో వంతు దాకా నూలుకు పట్టకుండా నీళ్లలోనే మిగులుతుంది. మామూలు శుద్ధితో ఉప్పు పోదు, బావుల్లోకి దిగుతుంది. లేత ఛాయకు ఉప్పు, రంగు రెండూ బాగా తగ్గుతాయి. కనుక ముదురు మెరూన్, నలుపు మానండి. ముదురు రంగు అంచుకు, కొంగుకు చాలు. ఛాయ అణువంత తేడా ఉందని వెనక్కి పంపడం మరీ దారుణం. నూలు మళ్లీ అద్దితే నీళ్లూ ఉప్పూ రెట్టింపు. వంద చీరల నూలూ ఒకే విడతలో అద్దించమని మొదటే చెబితే ఆ గొడవ రాదు.

అలాగని నూలు అనగానే మచ్చలేనిదనుకోవద్దు. ఒక టీషర్టుకు 2,700 లీటర్ల నీళ్లని తిరిగే లెక్క మన పత్తికి సరిగ్గా అతకదు. తెలంగాణలో పత్తి ఎక్కువగా వానాధారం. ఇక్కడి గాయం పురుగుమందు, అప్పు. 1997-98లో లద్దెపురుగు దెబ్బకు వరంగల్ పల్లెల్లో ఎందరు రైతులు ప్రాణాలు తీసుకున్నారో మనకు తెలుసు. 2002లో పురుగును తట్టుకునేలా జన్యువు మార్చిన బీటీ పత్తి వచ్చింది. విత్తన ప్యాకెట్‌తో పాటు ఇచ్చిన 120 గ్రాముల బీటీ కాని గింజలు చేను చుట్టూ వేయాల్సి ఉండేది. వేస్తే పురుగులో నిరోధకత ఆలస్యమవుతుంది. చాలామంది వేయలేదు. గులాబీరంగు పురుగు బీటీని తట్టుకుంది, మందు పంపులు మళ్లీ భుజానికెక్కాయి. వంద చీరలకు కావలసింది రెండు క్వింటాళ్లలోపు పత్తి, అంటే దాదాపు పావు ఎకరం పంట. వరంగల్ ఎనుమాముల పత్తి మార్కెట్‌కు అది లెక్కలోకి రాదు. కానీ సేంద్రియ పత్తి నూలు దొరుకుతుందా అని అడగడానికి ఆ పావు ఎకరం చాలు. జనగామ దగ్గరి ఏనబావి 2006 నుంచి రసాయనాలు లేకుండా సాగు చేసి చూపింది.

చీరలు సిద్దిపేటలో గొల్లభామ బొమ్మల చీరలు నేసేవాళ్లను అడగవచ్చు. వరంగల్ కొత్తవాడ పేరు జంపఖానాలకు; 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అతిథికి కప్పే మెరుపుల పాలిస్టర్ శాలువా బదులు ఒక జంపఖానా ఇస్తే ఆ ఇంట్లో ఏళ్లకేళ్లు పరుస్తారు.

సరుకు రాగానే అంచు నుంచి ఒక పోగు లాగి కాల్చండి. నూలైతే కాగితంలా కాలి మెత్తటి బూడిదవుతుంది, పాలిస్టరైతే కరిగి గట్టి పూస కడుతుంది. కొంగు తడిపి తెల్లగుడ్డతో ఐదు నిమిషాలు అదిమితే రంగు దిగేదీ లేనిదీ తేలుతుంది.

ఇంకో మాట. చీరల సంఖ్య ఖాయం చేసే ముందు ఒక్కో పడుగు మీద ఎన్ని దిగుతాయో అడిగి, ఆ లెక్కకు సరిపడా ఆర్డరివ్వండి. మధ్యలో ఆగిన పడుగు ఖర్చు నేతన్న నెత్తిన పడుతుంది.