దీపం ఎవరి కోసం?

నవంబరు మొదటి ఆదివారం తెల్లవారుజామున రెండు గంటలకు అమెరికా తన గడియారాలను ఒక గంట వెనక్కి తిప్పుకుంటుంది. ఫోన్లు, కంప్యూటర్లు వాటంతట అవే సర్దుకుంటాయి. గోడ గడియారాన్ని ఎవరో ఒకరు స్టూలెక్కి సరిచేస్తారు. పొయ్యి మీది గడియారం జోలికి మాత్రం ఎవరూ పోరు. మార్చి వచ్చిందంటే అదే మళ్లీ సరైన దారికి వస్తుందని ధీమా. న్యూజెర్సీలోని హైలాండ్ పార్క్‌లో మా ఇంటి పక్కనున్న సినగాగ్‌లోనూ (యూదుల ప్రార్థనామందిరం) ఇలా అందరూ మరిచిపోయిన గడియారం ఒకటుంది. వంటగది గోడకు బిగించిన టైమరు. హాల్లో దీపాలు ఎప్పుడు వెలగాలో, ఎప్పుడు ఆరాలో నిర్ణయించేది అదే.

టైమరుకు అంత పెత్తనం ఊరికే రాలేదు. శుక్రవారం సూర్యాస్తమయానికి మొదలై శనివారం రాత్రి ఆకాశంలో మూడు నక్షత్రాలు కనిపించేదాకా యూదులకు షబ్బాత్. ఆ సమయంలో చేయకూడని పనులు 39 రకాలని వాళ్ల పెద్దలు లెక్క తేల్చారు. నిప్పు రాజేయడం, ఆర్పడం రెండూ అందులో ఉన్నాయి. ఆచారం గట్టిగా పాటించేవాళ్లు కరెంటు స్విచ్చును కూడా ముట్టుకోరు. తలుపు తీయగానే వెలుగుతుందని ఫ్రిజ్‌లోని బల్బును ముందే ఊడదీసి పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. అందుకే శుక్రవారం మధ్యాహ్నమే టైమరు ముళ్లు సర్ది, ఇక భారం దానిమీద వేస్తారు. ఎడిసన్ ఊరు తెలుగువాళ్లకు ఎంత పేరో, దాన్ని ఆనుకుని ఉన్న హైలాండ్ పార్క్ వీళ్లకు అంత పేరు. అక్కడ ఇల్లు దొరక్క మేము ఇక్కడ తేలాం.

గడియారాలు మారాక వచ్చిన మొదటి శుక్రవారం అది. ఐదు కాకముందే పొద్దు గూకింది. ప్రార్థన ముగించి, ఇళ్లకు వెళ్లి భోంచేసి, ఎనిమిదింటికి మళ్లీ పాఠానికి వచ్చారు. పదింటికి ఆరాల్సిన దీపాలు, టైమరు ఇంకా అక్టోబరులోనే ఉండిపోవడంతో, తొమ్మిదింటికే ఆరిపోయాయి.

కాసేపటికి మా తలుపు ఎవరో తట్టారు. కాలింగ్ బెల్ ఉంది, నొక్కలేదు. తీసి చూస్తే నల్ల కోటు, నల్ల టోపీ పెట్టుకున్న సినగాగ్ పెద్దాయన.

"గుట్ షబ్బస్" అని షబ్బాత్ శుభాకాంక్షలు చెప్పి, "మా హాలు చాలా చీకటిగా ఉందండీ" అన్నారు.

"అయ్యో, కరెంటు పోయిందా? మాకు ఉందే!"

"ఉంది, ఉంది. మీ ఇల్లు కళకళలాడుతోంది" అని మా ఇంటి దీపాన్ని తృప్తిగా చూశారు. కాస్త ఆగి, "చీకట్లో చదవడం కష్టం" అన్నారు.

"టార్చి ఇమ్మంటారా?"

"టార్చి మంచి వస్తువు" అన్నారు, చెయ్యి చాపకుండా.

ఇద్దరం మర్యాదగా నవ్వుకుంటూ నిలబడ్డాం. చలిగాలి ఇంట్లోకి వస్తోంది. వంటగదిలోంచి మా ఆవిడ గొంతు వినిపించింది. "ఏమండీ, వెళ్లి ఆ లైటు వేసి రండి."

"ఆయన అడగలేదుగా?"

"మీ అమ్మగారు 'ఈ ఇంట్లో కాఫీ వాసన తగిలి ఎన్నాళ్లయిందో' అంటే నేను కాఫీ పెడతానా, కిటికీలు తెరిచి వాసన చూస్తానా?"

పెద్దాయనకు ఒక్క ముక్క తెలుగు రాదు. అయినా మా ఆవిడ గొంతు విన్నాక ఆయన ముఖం వికసించింది. తనకూ సంసారం ఉంది కదా.

దారిలో నాకు ఉత్సాహం కలగడానికి కాబోలు, ఇలా షబ్బాత్ నాడు సాయపడిన మహానుభావుల గురించి చెప్పారు. తర్వాత అమెరికా విదేశాంగ మంత్రి అయిన కొలిన్ పవెల్, న్యూయార్క్ బ్రాంక్స్‌లో కుర్రవాడిగా ఉన్నప్పుడు యూదుల ఇళ్లలో దీపాలు వేసి పెట్టాడట. ఎల్విస్ ప్రెస్లీ, ఇంకా ఎవరికీ తెలియని రోజుల్లో, మెంఫిస్‌లో తమ పై అంతస్తులో ఉండే రబ్బీ (యూదుల మతగురువు) కుటుంబానికి అదే సాయం చేసేవాడట. నాకు నలభై ఏళ్లు దాటాయని, ఆ రెండు దారులూ మూసుకుపోయాయని చెప్పబుద్ధి కాలేదు.

హాల్లో అందరూ తెరిచిన పుస్తకాల ముందు కదలకుండా కూర్చుని ఉన్నారు. ద్వారం మీద వెలిగే 'ఎగ్జిట్' అనే ఎర్ర అక్షరాల కింద ఒకాయన మాత్రం కుర్చీ ఎక్కి, పుస్తకాన్ని ముక్కుకు ఆనించి ఇంకా చదువుతూనే ఉన్నాడు. నేను ఫోను టార్చి వెలిగించి, టైమరు దగ్గరికి నడిచి, దాని మీట మీద చెయ్యి వేశాను.

"ఆగండి!" అన్నాడొక కుర్రవాడు.

ఆ రాత్రి పాఠం ఏమిటో చెబితే కల్పించానంటారు. మిష్నాలో షబ్బాత్ గురించిన గ్రంథం, పదహారో అధ్యాయం. సుమారు 1800 ఏళ్ల కిందట కూర్చిన ధర్మశాస్త్రం అది. అందులో ఉన్నదేమిటంటే, యూదుడు కానివాడు తన కోసం దీపం వెలిగించుకుంటే ఆ వెలుగును యూదుడు వాడుకోవచ్చు. యూదుడి కోసం వెలిగిస్తే మాత్రం వాడుకోరాదు. సరిగ్గా ఆ వాక్యం దగ్గరే దీపాలు ఆరాయట.

"ఈయన ఎవరి కోసం వెలిగిస్తున్నారు?" అన్నాడు కుర్రవాడు.

వాదం రాజుకుంది. నలుగురికీ పనికొచ్చే పుణ్యకార్యమైతే నేరుగా చెప్పినా తప్పులేదన్న పూర్వులున్నారని ఒకరు. ఆ పూర్వులను కాదన్న పూర్వులూ ఉన్నారని మరొకరు. ప్రాణాపాయం ఉంటే ఏ నియమమూ అడ్డురాదు కాబట్టి, ముసలివాళ్లు చీకట్లో మెట్ల మీద జారిపడితే ఏం కానని ఇంకొకరు. "పడకుండా కూర్చోండి" అన్నారు రబ్బీగారు. నా చెయ్యి మీట మీదే ఉంది. తియ్యాలో, నొక్కాలో ఎవరూ చెప్పరు. తమ పని చేసిపెట్టమని షబ్బాత్ నాడు ఇతరులకు నేరుగా చెప్పకూడదు కూడా.

"ఆయనకే దీపం అవసరమైతే గొడవే లేదు" అని కోశాధికారి ఒక దారి తీశాడు. నావైపు తిరిగి, "ఆ బీరువాలో మంచి విస్కీ ఉంది. కాస్త పుచ్చుకోండి. సీసా వెతుక్కోవాలంటే వెలుతురు కావాలి కదా!" అన్నాడు.

తరతరాలుగా పనిచేస్తున్న ఉపాయమట అది. నా దగ్గర పనిచేయలేదు. కార్తీక మాసం నడుస్తోంది. మందు ముట్టనన్నాను. పోనీ హెరింగ్ చేప? వద్దు. కుగెల్ అనే బంగాళదుంప వంటకం ఉంది, పూర్తి శాకాహారం! అందులో కోడిగుడ్డు, ఉల్లిపాయ. నా నియమాలు ఒక్కొక్కటీ చెబుతుంటే చీకట్లో గౌరవంతో కూడిన నిశ్శబ్దం ఆవరించింది. వాళ్లకన్నా కఠినమైన ఆచారం పాటించేవాడు వాళ్లకు ఎదురుపడటం అరుదు. "ఉల్లిపాయకు కారణం ఏమిటి?" అని ఎర్ర అక్షరాల కింది ఆయన ఆసక్తిగా అడిగాడు. పాఠం దారి తప్పుతోందని రబ్బీగారు గొంతు సవరించుకున్నారు.

చివరికి నేనే, "మీరు చదువుతున్న ఆ పుస్తకం ఒకసారి చూడాలని ఉంది" అన్నాను.

హాలంతా ఊపిరి పీల్చుకుంది. కుర్రవాడు తప్ప. "ఈయన చేతిలో టార్చి ఉందిగా! పుస్తకం చూడటానికి అది చాలు. పెద్ద దీపం వేస్తే అది మన కోసమే అవుతుంది." ఇంత తెలివైనవాణ్ని మా ఆఫీసులో చూడలేదు.

"ఛార్జింగ్ నాలుగు శాతమే ఉంది" అని ఫోను ఆర్పి జేబులో వేసుకున్నాను. అది అబద్ధం కాదు.

మీట తిప్పాను. హాలు తెల్లగా వెలిగింది. ఎవరూ పుస్తకాల వైపు చూడలేదు. అందరూ నా వైపే చూస్తున్నారు. నేను చదివితే కదా దీపం నా కోసం అయ్యేది! ఎవరో కుర్చీ జరిపారు, ఎవరో పుస్తకం తెరిచి పెట్టారు. అది హీబ్రూ. కుడి నుంచి ఎడమకు పోయే ఆ అక్షరాల్లో ఒక్కటీ నాకు రాదు. పెద్దాయన వేలు పెట్టి చూపిస్తూ అర్థం చెప్పారు. రబ్బాన్ గమలియేల్ అనే పూర్వకాలపు పండితుడు, ఇతర పెద్దలు ఓడలో వస్తున్నారు. ఓడలోని యూదేతరుడొకడు దిగడానికి వాలుబల్ల వేసుకున్నాడు. వాళ్లూ దానిమీద నుంచే దిగారు. అతను తమ కోసం వేశాడా, తన కోసం వేసుకున్నాడా అన్నదాని మీద గంటసేపు చర్చ. వాలుబల్ల వేసినవాణ్ని ఎవరైనా అడిగారా అని నేనడిగాను. అది మంచి ప్రశ్నేనని రబ్బీగారు తల ఊపి, జవాబు చెప్పకుండా పేజీ తిప్పారు. మా ఆవిడ నుంచి మూడుసార్లు ఫోను వచ్చింది. నాలుగు శాతమూ దాంతోనే అయిపోయింది.

పాఠం ముగిసింది. అందరూ లేచారు గానీ ఎవరూ కదలడం లేదు. పైన దీపాలు దివ్యంగా వెలుగుతున్నాయి. చేత్తో తిప్పిన దీపం మర్నాటి రాత్రి దాకా ఆరదు. కరెంటు బిల్లు కట్టేది కోశాధికారి. ఆయన కిటికీ దగ్గరికి వెళ్లి మా ఇంటి వైపు చూశాడు.

"ఎదురుగా ఉన్నది మీ పడకగదే కదండీ?"

"అవునండీ."

"ఇంత వెలుతురు మీ మంచం మీద పడుతుంటే నిద్ర ఎలా పడుతుందో, పాపం!"

ఈ పాటికి నాకూ ఆ భాష వచ్చేసింది. "అసలు పట్టదండీ, చాలా ఇబ్బంది" అంటూ, కుర్రవాడు నోరు తెరిచేలోపు వంటగదిలోకి పరుగెత్తి మీట కిందికి లాగాను.

అప్పటికి ఎవరూ ఇంకా తమ కోటు వెతుక్కోలేదు. అన్నీ నల్ల కోట్లే.