సవరణ: పొట్టి బ్యారెల్ గురించి నేను రాసింది తప్పు

మొన్న పది మీటర్ల దూరం నుంచి కొట్టే పోటీల ఎయిర్ రైఫిల్ గురించి రాస్తూ "బ్యారెల్ పొట్టిదైతే గురి తప్పుతుంది, ఇంకాస్త డబ్బు కూడబెట్టి పొడుగుదే కొనండి" అన్నాను కదా, అది తప్పు. పటమటలో మా బావ తన పొట్టిదాన్ని ఇసుక సంచికి ఆనించి ఐదు పెల్లెట్లు (ఎయిర్ గన్‌లో వేసే చిన్న గుళ్లు) కొడితే ఐదూ దాదాపు ఒకే చిల్లులోంచి పోయాయి, నాకిక మాట రాలేదు. టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే, ఆవగింజ కంటే చిన్నది.

అసలు సంగతేంటంటే, పెల్లెట్ బ్యారెల్‌లో ఎంత ఎక్కువసేపుంటే మన చేతి కదలిక దానికి అంత అంటుకుంటుంది. పొడుగు వల్ల ముఖ్యంగా కలిసొచ్చేది గురి చూసే ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య దూరం, దానికి పొట్టి బ్యారెల్ చివర ఖాళీ గొట్టం తగిలించుకున్నా సరిపోతుంది. మిగిలిన డబ్బు మంచి ట్రిగ్గర్ మీదా పెల్లెట్ల మీదా పెట్టండి. బరువు మాత్రం 5.5 కిలోలు దాటితే పోటీలో ఒప్పుకోరు.

ఇంకొకటి, "ఎయిర్ గన్‌కి లైసెన్స్ అక్కర్లేదు" అని తేల్చేశాను. బ్యారెల్ లోపలి వ్యాసం 0.177 అంగుళాలు, అంటే 4.5 మిల్లీమీటర్లు, పెల్లెట్ బయటికొచ్చే శక్తి 20 జౌల్స్ మించని వాటికే ఆ మినహాయింపు. గుంటూరులోని ఒక అన్నని 0.22 అంగుళాల గన్ కొనమని నేనే ఎగదోశాను. అన్నా, ఆగండి, లైసెన్స్ లేకుండా దాని జోలికి పోవద్దు.