తువ్వాలు వేసిన సీట్లు

2021 ఏప్రిల్ 20 సాయంత్రం లండన్‌లోని స్టాంఫర్డ్ బ్రిడ్జి మైదానం బయట సుమారు వెయ్యి మంది చెల్సీ అభిమానులు, తమ ఫుట్‌బాల్ క్లబ్బు సూపర్ లీగ్ అనే కొత్త పోటీలో చేరడాన్ని నిరసిస్తూ, రోడ్డుకు అడ్డంగా నిలబడి తమ సొంత జట్టు బస్సునే కదలనివ్వలేదు. కొవిడ్ ఆంక్షలతో గ్యాలరీలు ఖాళీగా ఉన్న రోజులవి. లోపలికి వెళ్లే వీలులేని వారంతా గేటు దగ్గరే తేల్చుకోవడానికి వచ్చారు. ఆ క్లబ్బుకు ఏళ్ల తరబడి గోల్‌కీపర్‌గా ఉండి, అప్పటికి సాంకేతిక సలహాదారుగా పనిచేస్తున్న పీటర్ చెక్ స్వయంగా జనంలోకి వచ్చి, కాస్త సమయం ఇవ్వండని బతిమాలారు. ఆయనను నెత్తిన పెట్టుకున్న జనమే ఆ పూట ఆయన మాట వినలేదు. కాసేపటికి చెల్సీ ఆ లీగ్ నుంచి తప్పుకొంటోందన్న వార్త ఒక ఫోను నుంచి మరో ఫోనుకు పాకింది, అదే రోడ్డు మీద పండగ మొదలైంది. బ్రైటన్‌తో జరగాల్సిన మ్యాచ్ పావుగంట ఆలస్యంగా మొదలై, ఒక్క గోల్ కూడా లేకుండా ముగిసింది.

దానికి రెండు రోజుల ముందు, ఆదివారం రాత్రి, ఐరోపాలోని 12 పెద్ద క్లబ్బులు వేరుకుంపటి పెట్టుకుంటున్నట్లు ప్రకటించాయి. ఇంగ్లండ్ నుంచి ఆర్సెనల్, చెల్సీ, లివర్‌పూల్, మాంచెస్టర్ సిటీ, మాంచెస్టర్ యునైటెడ్, టాటెన్‌హామ్; స్పెయిన్ నుంచి రియల్ మాడ్రిడ్, బార్సిలోనా, అట్లెటికో మాడ్రిడ్; ఇటలీ నుంచి యువెంటస్, ఇంటర్, ఏసీ మిలాన్ అందులో ఉన్నాయి. యూరోపియన్ సూపర్ లీగ్ అని పేరు పెట్టుకున్న ఆ పోటీలో 20 జట్లు ఆడాలి. వాటిలో ఈ 12, ఇంకా చేరాల్సిన మరో మూడు కలిపి 15 స్థాపక క్లబ్బుల స్థానాలు శాశ్వతం. అవి ఎంత చెత్తగా ఆడినా లేపేవారు ఉండరు. మిగిలిన ఐదు స్థానాల కోసం తక్కిన ఐరోపా అంతా ఏటా కొట్టుకోవాలి. అప్పు ఇవ్వడానికి జేపీ మోర్గాన్ బ్యాంకు ముందుకొచ్చింది, స్థాపకులు పంచుకోవడానికి 350 కోట్ల యూరోలు సిద్ధమయ్యాయి. బస్సు స్టాండులో ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకోవడం మనం ఎరగనిది కాదు. అయితే మన తువ్వాలు ఒక్క ప్రయాణానికే చెల్లుతుంది.

ఇంతకీ ఆ శాశ్వత స్థానాలకు ప్రాతిపదిక ఏమిటి? టాటెన్‌హామ్ చివరిసారి ఇంగ్లండ్ లీగ్ గెలిచింది 1961లో. ఆర్సెనల్ 2020-21 సీజన్‌ను ఎనిమిదో స్థానంతో ముగించింది. ఈ రెండూ, మాంచెస్టర్ సిటీ, అట్లెటికో కూడా అప్పటికి ఐరోపా ఛాంపియన్ల కప్పును (ఇప్పటి ఛాంపియన్స్ లీగ్‌ను) ఒక్కసారైనా ఎత్తలేదు. 1979, 1980లలో వరుసగా రెండుసార్లు ఆ కప్పు గెలిచిన నాటింగామ్ ఫారెస్ట్‌కు గానీ, 1982లో గెలిచిన ఆస్టన్ విల్లాకు గానీ, నాలుగుసార్లు గెలిచిన ఆమ్‌స్టర్‌డామ్ క్లబ్బు అయాక్స్‌కు గానీ ఆ జాబితాలో చోటు లేదు. చరిత్రనూ చూడలేదు, ఆటనూ చూడలేదు. టీవీ తెర ముందు ఎంతమంది కూర్చుంటారన్న లెక్క ఒక్కటే చూశారు.

ఆ లెక్కకు మొదటి జవాబు లీడ్స్ నుంచి వచ్చింది. ప్రకటన వెలువడిన మర్నాడే ఎలాండ్ రోడ్ మైదానంలో లివర్‌పూల్‌తో మ్యాచ్ ఉంది. ‘సంపాదించుకోండి’ అని ముందు, ‘ఫుట్‌బాల్ అభిమానులది’ అని వెనక రాసి ఉన్న చొక్కాలు వేసుకుని లీడ్స్ ఆటగాళ్లు మైదానంలో వార్మప్ చేశారు. బయట గుమిగూడిన జనం లివర్‌పూల్ జెర్సీ ఒకటి తగలబెట్టారు. ఆ చొక్కాపై ఉన్న ఒక్క మాటకు అంత బరువు ఎందుకు వచ్చిందో తెలియాలంటే లీడ్స్ కథ తెలియాలి. ఇంగ్లండ్‌లో ఏటా అడుగున మిగిలిన జట్లు కింది డివిజన్‌కు పోతాయి, కింద బాగా ఆడినవి పైకి వస్తాయి. 1975లో ఐరోపా కప్పు ఫైనల్ ఆడిన ఆ క్లబ్బు అప్పుల్లో కూరుకుపోయి 2004లో పైడివిజన్ నుంచి పడిపోయింది. ఆ తరువాత మూడో మెట్టుకూ జారి, 16 ఏళ్లు కింద నలిగి 2020లో తిరిగి పైకి వచ్చింది. ఆ ఏళ్లన్నీ టికెట్లు కొంటూ వచ్చిన ఊరు అది. అలాంటి ఊళ్లో, కింద పడే భయమే లేకుండా మాకు చోటు కావాలని పన్నెండుగురు అడగడం ఎలా వినిపిస్తుంది? ఆ రోజు లివర్‌పూల్ తరఫున ఆడిన జేమ్స్ మిల్నర్ లీడ్స్‌లో పుట్టి, ఆ క్లబ్బులోనే ఆట మొదలుపెట్టి, 2004 నాటి పతనాన్ని ఆ జెర్సీలోనే చూసినవాడు. మ్యాచ్ ముగిశాక కెమెరా ముందు నిలబడి, ఈ లీగ్ తనకు నచ్చలేదని, అది జరగకూడదనే కోరుకుంటున్నానని తన యజమానులకు వినపడేలా చెప్పాడు.

ఆ వారం బ్రిటన్ పత్రికల్లో ఒక మాట తెగ నలిగింది. సూపర్ లీగ్ వెనక ఉన్నవారు మైదానానికి వచ్చే స్థానికులను ‘వారసత్వపు అభిమానులు’గా లెక్కగట్టి, తమ చూపంతా దూరదేశాల్లోని ‘రేపటి అభిమానుల’ మీద పెట్టారన్నది దాని సారాంశం. ఈ రేపటి అభిమాని ఎవరో మనకు తెలియనివాడేమీ కాదు. అర్ధరాత్రి దాటాక పన్నెండున్నరకో ఒంటిగంటన్నరకో మొదలయ్యే ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్ కోసం, ఇంట్లోవాళ్లు లేవకుండా ఫోను సౌండు తగ్గించుకుని కూర్చునే హైదరాబాద్, విశాఖపట్నం కుర్రాళ్లు కూడా అందులోవారే. సూపర్ లీగ్ అధ్యక్షుడు, రియల్ మాడ్రిడ్ అధినేత ఫ్లోరెంటినో పెరెజ్ యువతకు ఆట మీద ఆసక్తి తగ్గుతోందని, ఫుట్‌బాల్‌ను కాపాడటానికే ఈ లీగ్ అని టీవీలో చెప్పినప్పుడు ఈ కుర్రాళ్ల పేరు మీదే చెప్పారు, వారిని అడగకుండా. పెద్ద క్లబ్బు ఓడిపోయే అవకాశం ఉంది కాబట్టే వీళ్లు నిద్ర మానుకుంటున్నారు. 2016లో లెస్టర్ సిటీ ఇంగ్లండ్ లీగ్ గెలిచినప్పుడు, ఆ ఊరు పటంలో ఎక్కడుందో తెలియనివారు కూడా ఇక్కడ సంబరపడ్డారు.

యజమానుల వాదనలో తర్కం లేదని మేము అనడం లేదు. మాంచెస్టర్ యునైటెడ్ యజమానులైన గ్లేజర్ కుటుంబానికీ, లివర్‌పూల్ యజమాని జాన్ హెన్రీకీ, ఆర్సెనల్ యజమాని స్టాన్ క్రోంకీకీ అమెరికాలో క్రీడాజట్లు ఉన్నాయి. అక్కడి లీగుల్లో అట్టడుగున ముగించినా మరుసటి ఏడు అదే లీగ్‌లో ఆడతారు. పెట్టుబడికి అంతకు మించిన భద్రత ఏముంది? మన ఐపీఎల్ కూడా అలాంటిదే, దాని మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. పుట్టినప్పుడే మూసిన గది కాబట్టి అక్కడ ఎవరి నిచ్చెననూ లాగేసినట్టు కాలేదు. ఫ్రాంచైజీ పద్ధతికి ఇంకో ముఖం మాత్రం హైదరాబాద్‌కు బాగా తెలిసింది. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు అనే ఫుట్‌బాల్ పోటీ గెలిచిన సిటీ పోలీసు జట్టు ఈ నగరానిది. అదే నగరం పేరుతో 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్పు గెలిచిన జట్టు 2025లో ఢిల్లీకి తరలి, పేరు కూడా మార్చుకుంది. అడ్డం నిలబడటానికి మన దగ్గర స్టాంఫర్డ్ బ్రిడ్జి రోడ్డు లేకపోయింది.

జర్మనీ క్లబ్బులు బయెర్న్ మ్యూనిక్, డార్ట్‌మండ్ ఈ పిలుపును కాదన్నాయి. అక్కడ క్లబ్బు ఓట్లలో సగానికి పైగా సభ్యుల చేతిలోనే ఉండాలన్న నిబంధన ఉంది కాబట్టి, యాజమాన్యం ఏ నిర్ణయం తీసుకున్నా సర్వసభ్య సమావేశంలో జనం ముఖం చూడక తప్పదు. అలాగని సభ్యత్వం ఒక్కటే సర్వరోగ నివారిణి అనుకుంటే స్పెయిన్ మన నోరు మూయిస్తుంది: రియల్ మాడ్రిడ్, బార్సిలోనా కూడా సభ్యుల క్లబ్బులే, ఈ లీగ్‌కు ముందు నడిచిందీ అవే. రియల్ మాడ్రిడ్ అధ్యక్ష పదవికి నిలబడాలంటే 20 ఏళ్ల సభ్యత్వంతో పాటు క్లబ్బు బడ్జెట్‌లో 15 శాతానికి బ్యాంకు గ్యారంటీ చూపాలి. సూపర్ లీగ్ ప్రకటనకు కొద్ది రోజుల ముందే పెరెజ్ ఏకగ్రీవంగా మళ్లీ ఎన్నికయ్యారు. ఓటున్నా ఎంచుకోవడానికి రెండో మనిషి లేని ఎన్నిక అది.

అభిమానుల పక్షాన ఉన్నాం కదా అని వారి తప్పులను దాచనక్కర్లేదు. 2003 నుంచి రష్యా కుబేరుడు రోమన్ అబ్రమోవిచ్ డబ్బుతో కొన్న కప్పులకు చెల్సీ గ్యాలరీలు చప్పట్లు కొట్టాయి. అసలు ఇంగ్లండ్ పైడివిజన్ అయిన ప్రీమియర్ లీగ్ పుట్టిందే 1992లో, 1888 నాటి ఫుట్‌బాల్ లీగ్ నుంచి పెద్ద క్లబ్బులు విడిపోవడంతో. రక్షకుడి వేషంలో వచ్చిన ఐరోపా ఫుట్‌బాల్ పాలక సంస్థ యుయెఫా సైతం, ఈ గొడవ నడుస్తుండగానే ఏప్రిల్ 19న, మ్యాచ్‌లు పెంచి ఛాంపియన్స్ లీగ్‌ను 36 జట్లకు విస్తరించే పథకాన్ని ఆమోదించుకుంది. మే 2న మాంచెస్టర్ యునైటెడ్ అభిమానులు ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానంలోకి చొరబడటంతో లివర్‌పూల్‌తో మ్యాచ్ వాయిదా పడింది. 2005లో గ్లేజర్లు క్లబ్బును కొనడానికి చేసిన అప్పును ఆ క్లబ్బు నెత్తినే రుద్దారన్న 16 ఏళ్ల కడుపుమంట ఆ రోజు బద్దలైంది. ఆ మంట న్యాయమైనదే. పోలీసులు గాయపడటం మాత్రం దేనితోనూ సమర్థించుకోలేనిది.

రోడ్డెక్కిన జనం ఆరు ఇంగ్లిష్ క్లబ్బులను 48 గంటల్లో వెనక్కి లాగారు. అయితే ప్రతిసారీ రోడ్డెక్కడం ఎవరివల్లా కాదు. 2023 డిసెంబరులో ఐరోపా న్యాయస్థానం, కొత్త పోటీలను ముందస్తు అనుమతి పేరుతో ఫిఫా, యుయెఫా అడ్డుకున్న తీరు పోటీ చట్టాలకు విరుద్ధమని తీర్పు చెప్పింది. అంటే తలుపు పూర్తిగా మూసుకోలేదు. బ్రిటన్ మాత్రం ఎంపీ ట్రేసీ క్రౌచ్ నేతృత్వంలో అభిమానుల మాట విని తయారుచేసిన నివేదిక ఆధారంగా 2025లో ఫుట్‌బాల్ పాలన చట్టం తెచ్చింది. స్వతంత్ర నియంత్రణ సంస్థ వచ్చింది, నిషేధించిన పోటీల్లో క్లబ్బులు చేరకుండా ఆపే అధికారం దానికి దక్కింది. చిహ్నం, జెర్సీ రంగు వంటివి అభిమానులను అడగకుండా మార్చే వీలు పోయింది.

చట్టానికి ముందే ప్రీమియర్ లీగ్ తన పని తాను చేసుకుంది. 2021 జూన్‌లో ఆరు క్లబ్బులూ కలిపి కట్టింది 2.2 కోట్ల పౌండ్లు. పంచుకోవాలనుకున్న 350 కోట్ల యూరోల ముందు అది చిల్లర. అదే ఒప్పందంలో మరో షరతు ఉంది. మళ్లీ ఇలాంటి ప్రయత్నం చేస్తే ఒక్కో క్లబ్బుకు 2.5 కోట్ల పౌండ్ల జరిమానాతో పాటు 30 పాయింట్ల కోత పడుతుంది. సాధారణంగా ఒక సీజన్‌లో 35, 40 పాయింట్లు తెచ్చుకున్న జట్టు కింది డివిజన్‌కు పోకుండా గట్టెక్కుతుంది. ఎంత మేటి ఆటగాళ్లున్నా, 30 పోయిన జట్టు ఆ గీతకు పైన ఉంటుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు.