సీసీ గారి సముఖానికి

మెయిల్లో 'టూ' కింద గడిలో కొలువుండే మహారాజశ్రీ సీసీ గారికి నమస్కరించి రాయునది ఏమనగా,

తమరు క్షేమమని నాకు తెలుసు. ఈ మధ్యాహ్నం ఏడుగురిని ఒళ్లో కూర్చోబెట్టుకుని నా ఇన్‌బాక్సులోకి దయచేశారు కదా, చూశాను. నా క్షేమం సంగతి మాత్రం ఇంకా తేలలేదు. లంచ్ అయ్యాక కుర్చీలో కూర్చున్నవాణ్ని సాయంత్రం దాకా లేవలేదు. చేయాల్సిన పని ఒక్కటీ చేయలేదు. ఎప్పుడో చేసేసిన పనిని చేశానని నిరూపించుకోవడానికి రుజువులు ఏరుకుంటూ కూర్చున్నాను.

మెయిలు ఎవరిదో వేరే చెప్పాలా? మా పక్క సీటు పెద్దమనిషిదే. ఆయన కుర్చీ ఇటు తిప్పితే మోకాలు నా టేబుల్‌కి తగులుతుంది. ఆయన తుమ్మితే నేను స్క్రీన్ తుడుచుకుంటాను. అంత దగ్గరున్న మనిషి "ఆ షీటు పంపావా?" అని అడగడానికి నోరు తెరవలేదు, అవుట్‌లుక్ తెరిచాడు. "డియర్ ఆల్" అన్నాడు. "పలుమార్లు ఫాలోఅప్ చేసినా ఇంతవరకూ షీటు అందలేదు" అన్నాడు. "దీనివల్ల డెలివరీ ఆలస్యం కావచ్చని అందరి దృష్టికీ తెస్తున్నాను" అన్నాడు. ఆ అందరూ ఎవరయ్యా అంటే మా మేనేజరు, ఆయన పై మేనేజరు, ఆయనకూ పైన ఉండే ఒక మేడమ్ (ఆవిణ్ని నేను ప్రొఫైల్ ఫొటోలో తప్ప చూడలేదు), క్వాలిటీ వాళ్లు ఇద్దరు, పక్క టీమ్ లీడు, తనెందుకున్నాడో తనకే తెలియని ఒక అకౌంట్స్ కుర్రాడు.

ఆ షీటు సోమవారమే పంపాను. అటాచ్‌మెంట్ మర్చిపోకుండా.

ఆ పలుమార్ల ఫాలోఅప్పులు ఎప్పుడు జరిగాయో కూడా నాకు తెలియదు. బహుశా మనసులో చేసి ఉంటాడు. ఆయన టకటకా టైపు చేస్తుంటే వింటూనే ఉన్నాను. పాపం, ఎంత పనిలో మునిగిపోయాడో అనుకున్నాను. నా పనే పడుతున్నాడని తెలియలేదు.

అయ్యా, ఆ మెయిల్లో 'టూ' దగ్గర నా పేరే ఉంది. చదివితే మాత్రం ఒక్క వాక్యమూ నాతో మాట్లాడదు. షీటు ఎక్కడుందని నన్ను అడగదు. నేను పక్కన లేనట్టే, నా గురించి పైవాళ్లకు చెబుతుంది. పిలిచింది నన్ను, వినిపించింది వాళ్లకి. జవాబు రాయడానికి కూర్చున్నాక నాకూ అదే గతి పట్టింది. ఆయనకి రాస్తున్నట్టు రాస్తున్నాను గానీ ప్రతి మాటా మేడమ్ చదివితే ఎలా ఉంటుందా అని తూకం వేస్తున్నాను. "సోమవారమే పంపాను, చూసుకో" అంటే చాలు నిజానికి. కానీ అలా అంటే పొగరు. "సోమవారం పంపబడింది" అంటే ఏదో దాస్తున్నట్టుంది. "బహుశా తమ దృష్టికి రాలేదేమో" అంటే వెటకారం అనుకుంటారు. అది వెటకారమే, కానీ అనుకోకూడదు. సోమవారం మెయిలు వెతికి స్క్రీన్‌షాట్ తీశాను. తేదీ చుట్టూ ఎర్ర గీత గీశాను. ఎరుపు మరీ కోపంగా ఉందని నీలం చేశాను. నీలంలో అసలు కనపడటం లేదని మళ్లీ ఎరుపు చేశాను. చివర్లో "రిగార్డ్స్" పెట్టాలా "వార్మ్ రిగార్డ్స్" పెట్టాలా అని ఆలోచించిన సమయంలో ఇంకో షీటు తయారయ్యేది.

తమరిది సామాన్యమైన వంశం కాదు, ఒప్పుకుంటాను. సీసీ అంటే కార్బన్ కాపీయే కదా. 1806లో ఇంగ్లండులో రాల్ఫ్ వెడ్జ్‌వుడ్ అనే ఆయన సిరా పట్టించిన కాగితంతో నకళ్లు తీసే పద్ధతికి పేటెంటు పుచ్చుకున్నాడు. ఆ తర్వాత టైపు మిషన్లు వచ్చాయి, కాగితానికీ కాగితానికీ మధ్య కార్బన్ పెట్టి కొట్టే కాలం వచ్చింది. కార్బన్ తాతగారి హయాంలో ప్రతి తీయాలంటే వేళ్లు నొప్పెట్టాలి. గట్టిగా కొడితే తప్ప అడుగు కాగితం మీద అక్షరం పడదు. ఒక్క తప్పు దొర్లితే ప్రతి కాగితం మీదా విడివిడిగా చెరపాలి. కింది కాగితానికి పోయేకొద్దీ అక్షరం మసకబారుతుంది. ఏడో ప్రతిలో నా మీద ఫిర్యాదుందో నాకు ప్రమోషనుందో పైన కూర్చున్న మేడమ్ కళ్లద్దాలు మార్చినా తేల్చలేకపోయేవారు. అందుకని ఎవరికి పంపాలో, ఎవరికి అక్కర్లేదో ఆలోచించి మరీ కార్బన్ పెట్టేవాళ్లు.

1977లో ఇంటర్నెట్‌కు ముందున్న ఆర్పానెట్ అనే నెట్‌వర్కు వాళ్లు మెయిలుకు కట్టుబాట్లు రాస్తూ ఆర్ఎఫ్‌సీ 733 అనే పత్రంలో తమరికీ, మిగతావాళ్ల కంటపడకుండా ప్రతి పుచ్చుకునే తమ సోదరులు బీసీసీ గారికీ పీట వేశారు. వేళ్ల నొప్పి పోయింది. మసి పోయింది. దాంతోపాటే ఆ ఆలోచనా పోయింది. ఇప్పుడు ఏడో ప్రతి కూడా మొదటి ప్రతిలాగే నిగనిగలాడుతుంది. 2008లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 5322 అయితే తమరి ఉద్యోగ ధర్మాన్ని ఇంకా వివరంగా చెప్పింది: ఈ గడిలోనివాళ్లకు మెయిలు అందుతుంది గానీ, అందులో విషయం వాళ్లను ఉద్దేశించినది కాకపోవచ్చునట. ఎంత అమాయకులు! మా పెద్దమనిషి మెయిల్లో విషయం వాళ్లను తప్ప ఇంకెవరినీ ఉద్దేశించలేదు.

తమరి బంధువర్గం జోలికి ఎక్కువ పోను. రిప్లై ఆల్ గారి ప్రతాపం లోకమంతా చూసింది. 2016 నవంబరులో ఇంగ్లండు ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో ఒక టెస్ట్ మెయిలు పొరపాటున 8 లక్షలకు పైగా ఖాతాలకు పోయింది. "దయచేసి అందరికీ రిప్లై కొట్టకండి" అని అందరికీ రిప్లై కొట్టి సిస్టమ్ నడ్డి విరిచారు. పోనీ, అందులో కుట్ర లేదు. బీసీసీ గారు గోడ చాటున నిలబడి వినే రకం, ఆయనకూ నాకూ మాటల్లేవు. ఎర్ర జెండా తగిలించుకుని పూటకోసారి వచ్చే జెంటిల్ రిమైండర్ని ఈసారికి వదిలేస్తున్నాను.

మధ్యలో ఒక మాట. "కష్టమైన సహోద్యోగులతో మెలగడం ఎలా" అని మా ఆఫీసులో శిక్షణ పెట్టారు. చెప్పినవన్నీ మంచి మాటలే. ముందు విడిగా కూర్చుని మాట్లాడండి. మనిషిని కాదు, జరిగిన పనిని పట్టుకుని మాట్లాడండి. తేలకపోతే రాతలో పెట్టండి. అప్పటికీ తేలకపోతేనే పైవాళ్ల దగ్గరికి వెళ్లండి. మా పెద్దమనిషి ఆ రోజూ నా పక్కనే కూర్చుని శ్రద్ధగా నోట్సు రాసుకున్నాడు. కింద నుంచి పైకి చదువుకున్నట్టున్నాడు. ఆ క్లాసు ఎవరి కోసం పెట్టారో వాళ్లు ఎప్పుడూ పక్కవాడి కోసం పెట్టారనే అనుకుంటారు, అదొక వింత.

సరే, అసలు సంగతి. నా జవాబు వెళ్లింది, స్క్రీన్‌షాట్‌తో సహా. మా మేనేజరు "నోటెడ్" అన్నాడు. ఏం నోట్ చేసుకున్నాడో ఆయనకే తెలియాలి. అకౌంట్స్ కుర్రాడి దగ్గర్నుంచి "నేను సెలవులో ఉన్నాను" అని ఆటోమేటిక్ జవాబు వచ్చింది. మిగతా ఐదుగురూ మౌనం. ఆ తర్వాత కాసేపటికి మా పెద్దమనిషి నుంచి ఇంకో మెయిలు. "సారీ, షీటు వేరే ఫోల్డర్లో పడింది. ఇప్పుడే చూశాను. నా మెయిల్ ఇగ్నోర్ చెయ్యి."

టూ దగ్గర నేను. సీసీ ఖాళీ.

ఏమయ్యా, అప్పుడెక్కడికి పోయావు నువ్వు? మధ్యాహ్నం ఏడుగురినీ మోసుకొచ్చినవాడివి, సాయంత్రానికి ఒక్కరినీ ఎక్కించుకోలేకపోయావా? నింద ఏడుగురి ముందు, సారీ చెవిలోనా? ఇగ్నోర్ చేయాల్సింది నేనా? నేను ఇగ్నోర్ చేస్తే సరిపోతుందా? ఆ మేడమ్ నా జవాబు చదివిందో లేదో నాకు తెలియదు. ఆవిడకి రోజూ ఇలాంటివి ఎన్ని వస్తాయో. మొదటి రెండు లైన్లు చూసి వదిలేసి ఉంటుంది. ఆ రెండు లైన్లలో నేను షీటు పంపనివాణ్ని. రేపు అప్రైజల్లో "కమ్యూనికేషన్ మెరుగుపరుచుకోవాలి" అని ఒక ముక్క పడితే అది ఎక్కణ్ణుంచి వచ్చిందని నేను ఎవర్ని అడగను? ఇంత చేసి, ఆ మెయిలు కొట్టాక ఆయన కుర్చీ ఇటు తిప్పి, నవ్వి, "ఏంటి, ఇంకా ఇంటికి వెళ్లలేదా?" అని అడిగాడు. అడిగాడండీ! నోటితో! అంటే నోరు ఉంది, పనిచేస్తుంది కూడా.

నిన్ను మెయిల్లోంచి పీకిపారేయమని ఎవరికైనా అర్జీ పెడదామనుకున్నాను. చేతకాలేదు. పోయినేడాది ఒక మీటింగులో "ఆ మార్పు మేమెప్పుడు చెప్పాం?" అని అవతలివాళ్లు మొహం మీదే బుకాయిస్తే, పాత మెయిలు తీసి స్క్రీన్ మీద పెట్టాను. నీ గడిలో వాళ్ల ఇద్దరి పేర్లూ ఉన్నాయి. గదిలో చప్పుడు లేదు. ఆ రోజు నువ్వే లేకపోతే ఆ నష్టం నా నెత్తిన పడేది. ఆ విశ్వాసం నాకింకా ఉంది, అందుకే ఈ మాత్రం మర్యాద.

అదే చనువుతో ఇప్పుడొక సాయం అడుగుతున్నాను. ఆయన సారీకి జవాబు రాస్తున్నాను. "షీటు దొరికినందుకు సంతోషం. క్లారిఫై చేసినందుకు ధన్యవాదాలు." ఇంతే. ఎవరు చదివినా వంక పెట్టలేరు. కింద ఆయన సారీ ఉన్నదున్నట్టు ఉంటుంది, ఒక్క అక్షరం ముట్టుకోను. ఇక నీ గడిలోకి ఒక్కొక్కరినీ ఎక్కిస్తున్నాను. మేనేజరు ఎక్కాడు. ఆయన పై మేనేజరు ఎక్కాడు. క్వాలిటీ వాళ్లిద్దరూ, పక్క లీడూ ఎక్కారు. మేడమ్ పేరు రెండక్షరాలు కొట్టేసరికి మిగతాది నువ్వే నింపేశావు, శభాష్. అకౌంట్స్ కుర్రాడు సెలవులో ఉన్నాడు, ఫరవాలేదు, నువ్వూ ఎక్కు నాయనా.